చేపల పులుసు గరిటె: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 16, కనుమ

కోవూరులో మేనత్త ఇంట్లో ఈసారి చేపల పులుసు వండలేదు. విస్తళ్లలోకి పులుసు వచ్చింది గానీ, అది పెన్న వంతెన అవతల నెల్లూరు హోటల్ నుంచి ప్లాస్టిక్ డబ్బాలో వచ్చింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కనుమ నాడు ఆ ఇంటి వాకిట్లో చెప్పులు విప్పుతుండగానే కొరమీను పులుసు వాసన వచ్చేది. మామయ్య ఆ డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ మూత పెట్టి, పప్పు వేయించుకున్నారు. ఒక్క మాట అనలేదు. అత్తకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

అడిగితే రెండు చేతులూ చాపి చూపించింది. మూడేళ్లుగా కీళ్లవాతం. వేళ్ల మొదళ్లు ఉబ్బి, వేళ్లన్నీ చిటికెన వేలి వైపు వాలుతున్నాయి. "పట్టు దొరకడం లేదు నాయనా, చేతిలోది జారిపోతోంది" అంది.

నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఎవరైనా ఇబ్బంది చెప్పగానే సగం వినేసరికే బుర్రలో బొమ్మ గీసేసుకునే జబ్బు ఉంది. రాత్రి ఇంటికి వచ్చి నోటుపుస్తకంలో రాసుకున్నది ఇది: "సమస్య: పట్టు. పరిష్కారం: లావు కాడ ఉన్న గరిటె." ఆ రెండు ముక్కలనూ కొట్టేయకుండా అలాగే ఉంచాను.

ఫిబ్రవరి 1

కాడ లావు చేయడం నా సొంత తెలివేమీ కాదు. అమెరికాలో శామ్ ఫార్బర్ అనే వ్యాపారి, కీళ్లవాతంతో ఉన్న తన భార్య తొక్క తీసే పీలరు పట్టుకోవడానికి పడే అవస్థ చూసి, మెత్తటి రబ్బరు పిడితో లావైన వంటింటి పనిముట్లు చేయించాడు. 1990లో ఆక్సో పేరుతో అవి బజారుకు వచ్చాయి. వాతం ఉన్నవాళ్ల కోసం పుట్టినవాటిని వాతం లేనివాళ్లు కూడా ఎగబడి కొన్నారు. ఈ కథ నేను ప్రతి ఏడాదీ విద్యార్థులకు చెబుతాను. చెప్పడం తేలిక.

నెల్లూరు మూలపేటలో ఒక సైకిల్ దుకాణంలో హ్యాండిల్‌కు తొడిగే రబ్బరు పిడి కొని, అత్త పాత స్టీలు గరిటె కాడకు గుడ్డ చుట్టి, దాని మీద తొడిగాను. మొదటి నమూనా అయిపోయింది. శనివారం సాయంత్రం తీసుకెళ్లి ఇచ్చాను. చారు గిన్నెలో తిప్పి చూసి "బాగుంది, చేతికి హాయిగా ఉంది" అంది. నేను మహా సంతోషంగా వంతెన దాటి వచ్చాను.

ఈ రోజు మధ్యాహ్నం ఫోను: "నాయనా, పొద్దున అది కూడా పట్టుకోలేకపోయాను. పైగా ఆ రబ్బరుకు అంటిన చేప జిడ్డు ఎంత కడిగినా పోవడం లేదు. మీ మామయ్య దాన్ని సైకిలు గరిటె అంటున్నారు."

కీళ్లవాతం ఉన్నవాళ్లకు నిద్ర లేచాక గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, కీళ్లు బిగుసుకుపోయే ఉంటాయి. అత్త వంట చేసేది ఆ వేళలోనే. నేను పరీక్ష పెట్టింది సాయంత్రం ఆరింటికి, చేతులు రోజంతా కదిలి సాగిన తరువాత. చేతులు ఆవిడవే, వేళ తప్పింది. పైగా "బాగుంది" అన్న మాట గరిటె గురించి కాకపోవచ్చు. మేనల్లుడు శ్రమపడి తెచ్చాడు కదా, బాగాలేదని ఏ అత్త అంటుంది?

ఫిబ్రవరి 8

ఆరున్నరకే కోవూరు చేరాను. ఈసారి ఏమీ అడగకూడదని, ఏదీ ఇవ్వకూడదని నిర్ణయం. ఒక మూల పీట వేసుకుని కూర్చున్నాను. మామయ్య బజారు నుంచి కొరమీను ముక్కలు తెచ్చారు. "ఏదో అయినంతవరకు చేస్తాను" అని అత్త చట్టి దించింది.

చింతపండు పిసకడం దగ్గరే ఇబ్బంది మొదలైంది, కానీ దానికి ఆవిడ అప్పటికే ఉపాయం కనిపెట్టుకుంది: రాత్రే నానబెట్టి, పొద్దున జల్లెడలో వేసి అరచేతి మడమతో నొక్కుతుంది. పోపు, ఉల్లిపాయ, కారం, పులుసు అన్నీ నడిచాయి. ముక్కలు వేసింది. అంతవరకు నా సైకిలు గరిటె వాడింది, తిట్టలేదు. తరువాత గరిటె పక్కన పెట్టి, మసిగుడ్డ తీసుకుంది.

అక్కడ నాకు తల తిరిగింది. ఎన్నో ఏళ్లుగా తింటున్నవాణ్ణి, ఎన్నోసార్లు చూసినవాణ్ణి, అయినా గుర్తు రాలేదు. చేపల పులుసులో ముక్కలు వేశాక ఎవరూ గరిటె పెట్టరు. పెడితే ముక్క చితికిపోతుంది. చట్టి అంచులను మసిగుడ్డతో రెండు వైపులా పట్టుకుని, పొయ్యి మీద నుంచి కాస్త లేపి, గుండ్రంగా ఒక ఊపు ఊపుతారు. పులుసు సుడి తిరుగుతుంది, ముక్కలు దానితో పాటు కదిలి అడుగంటకుండా ఉంటాయి. అదే అసలు పని. అత్త చట్టి పట్టుకుని ఒకసారి లేపింది, కళ్లు మూసుకుంది, దించేసింది. "ఇదీ సంగతి" అంది.

చట్టి, పులుసు, ముక్కలు కలిపి వంటింటి కాటా మీద పెట్టి తూచాను: మూడు కిలోల రెండు వందల గ్రాములు. అది కూడా వేడిది, జారేది, వేళ్ల కొసలతో పట్టుకోవలసింది. ఆ వేళ్లతో.

అంటే ఆవిడకు కావలసింది లావు కాడ గరిటె కాదు. చట్టి లేపకుండా ముక్కను కదిలించే సాధనం. పులుసులోకి దిగి, ముక్క కింద దూరి, దాన్ని చితక్కుండా పక్కకు జరపాలి. గరిటెకు లోతు ఎక్కువ, ముక్క కిందికి దూరదు. అట్లకాడ పెట్టి చూసిందట. స్టీలు అంచు ముక్కను కోసేస్తోంది, చట్టి అడుగును గీరేస్తోంది. తెడ్డు మొద్దుగా ఉంది, తోస్తుందే గాని ఎత్తదు.

"మరి కనుమ నాడు పట్టు లేదన్నావు గదా అత్తా?"

"పట్టు లేకే గదా చట్టి తిప్పలేనిది."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. నేను గరిటె అనుకున్నాను, ఆవిడ చట్టి అనుకుంది.

ఫిబ్రవరి 15

ఈ రోజు శివరాత్రి. అత్తకు ఉపవాసం. చట్టి కొలతలు తీసుకుంటానంటే "ఈ రోజు ఆ చట్టి బయటికి తియ్యను" అని తేల్చి చెప్పింది. సరే, చేతి కొలతలే.

ప్లంబింగు దుకాణంలో పి.వి.సి. గొట్టం ముక్కలు దొరుకుతాయి: 20, 25, 32, 40 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం సరిగ్గా అంతే ఉంటుంది కాబట్టి పరీక్షకు ఇంతకంటే చవకైనవి లేవు. ఒక్కోదానికి చివర 150 గ్రాముల ఇసుక సంచి కట్టాను. ఉదయం ఏడింటికి, చేతులు బిగుసుకుని ఉన్నప్పుడే ఒక్కొక్కటి ఇచ్చాను. 20 పట్టుకోవాలంటే వేళ్లు బాగా ముడవాలి, అక్కడే నొప్పి. 40 అయితే వేళ్లు చుట్టూ రావడం లేదు, ఆవిడది చిన్న చెయ్యి. 32 దగ్గర బొటనవేలి కొస చూపుడు వేలికి తగులుతోంది, ముఖంలో బిగింపు తగ్గింది.

ఇంకొకటి కూడా కనిపించింది. గుండ్రటి గొట్టం చేతిలో తిరిగిపోతోంది. అది తిరగకుండా ఆపడానికే సగం బలం ఖర్చవుతోంది. కాబట్టి కాడ గుండ్రంగా ఉండకూడదు, కోడిగుడ్డును నిలువుగా కోసినట్టు ఉండాలి. అప్పుడు గరిటె ముఖం ఎటు ఉందో చూడకుండానే అరచేతికి తెలుస్తుంది.

కాడ పొడవు దగ్గర పేచీ. పొడుగైతే ఆవిరి తగలదు గానీ, కొసన ఉన్న బరువు మణికట్టును లాగేస్తుంది. పొట్టిదైతే మణికట్టుకు సుఖం, వేళ్లకు సెగ. 26 సెంటీమీటర్ల దగ్గర రాజీపడ్డాం.

చట్టి కొలత మరునాడు మామయ్య ఫోనులో చెప్పారు, నేను చెప్పిన పద్ధతిలోనే. 12 సెంటీమీటర్ల అట్టముక్క నిలువుగా చట్టి అడుగున పెడితే మధ్యలో 16 మిల్లీమీటర్ల సందు. లెక్క కడితే అడుగు వంపు వ్యాసార్ధం సుమారు 120 మిల్లీమీటర్లు. గరిటె అంచు వంపు దీనికంటే కాస్త బిగువుగా, 110 దగ్గర ఉండాలి. చట్టి కంటే చదునుగా ఉంటే రెండు మూలలూ తగిలి మధ్యలో ఖాళీ మిగులుతుంది, ముక్క అంచు సరిగ్గా ఆ ఖాళీలో ఇరుక్కుంటుంది.

ఫిబ్రవరి 22

ఉదయగిరి వెళ్లాను. నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాలెం, సంగం, ఆత్మకూరు దాటి దాదాపు వంద కిలోమీటర్లు. బస్సు దిగగానే తలెత్తితే కొండ, కోట. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట అదే. ఇప్పుడు ఊరికి పేరు తెస్తున్నది మాత్రం చెక్క గరిటెలు, చెంచాలు, ముళ్ల చెంచాలు. 2015లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నర్ది, బిక్కి, కల్ది, పాలబరికె: చుట్టుపక్కల కొండల్లో పెరిగే చెక్క రకాల పేర్లు ఇవి. నెల్లూరులో పుట్టి పెరిగి వీటిలో ఒక్క చెట్టునూ చూసి పోల్చలేనని అక్కడ కూర్చున్నాకే తెలిసింది.

నాకు పని చేసిపెట్టిన పెద్దాయనను భాయ్ అని పిలిచాను. రంజాను మాసం, రోజా ఉన్నారు. మధ్యాహ్నం దాకానే పని. ఇంట్లో అందరూ పనిలోనే ఉన్నారు. ఒకరు బాడిసతో చెక్కుతున్నారు, ఒకరు ఆకురాయి, ఒకరు ఉప్పుకాగితం. నేను కంప్యూటర్‌లో గీసిన డ్రాయింగ్ తీసి పరిచాను. ప్రతి కొలతకూ అటూ ఇటూ అర మిల్లీమీటరు తేడా మాత్రమే ఉండవచ్చని రాశాను. భాయ్ కళ్లద్దాలు సర్దుకుని శ్రద్ధగా చూసి, కాగితం మడిచి, మోకాలి కింద పెట్టుకున్నారు.

"ఇది ఏం పనికి సార్?"

చెప్పాను. పులుసు, చట్టి, మసిగుడ్డ, అత్త వేళ్లు. ఆయన అంతా విని, "మా ఆవిడ కూడా చట్టి ఊపుతుంది" అని లోపలికి పిలిచి చట్టి తెప్పించారు. అది మా అత్త చట్టి కంటే పెద్దది. అందులో ఒక చెక్క ముక్కను పెట్టి, అంచు ఎక్కడ తగులుతోందో బొగ్గుతో గుర్తు పెట్టారు. నేను రెండు రోజులు లెక్కలు కట్టిన వంపును ఆయన రెండు నిమిషాల్లో బొగ్గుతో పట్టుకున్నారు.

అంచు మందం దగ్గర మాత్రం వాదన జరిగింది. నేను ఒకటిన్నర మిల్లీమీటరు అడిగాను. "కొసన చెక్క నార అడ్డంగా తెగి ఉంటుంది సార్. అంత పల్చన చేస్తే పది రోజుల్లో పళ్లు ఊడినట్టు ఊడుతుంది." మూడు ఉంచి, కింది వైపు మాత్రం వాలు చెక్కి కొసన రెండుకు తెస్తానన్నారు. ఆయన మాటే నెగ్గింది.

మార్చి 1

నమూనా విరిగిపోయింది. అదీ బాగా విరిగింది.

తప్పు పూర్తిగా నాది. మణికట్టు వంగకుండా ఉండాలంటే కాడకూ గరిటె ముఖానికీ మధ్య 30 డిగ్రీల వంపు ఉండాలని పట్టుబట్టాను. అంచు మందం దగ్గర తగ్గిన నేను ఇక్కడ డ్రాయింగ్ ప్రకారమే కావాలన్నాను. భాయ్ "సరే, మీ ఇష్టం" అన్నారు. పనివాడు "మీ ఇష్టం" అన్నాడంటే అక్కడ ఆగాలి.

విరిగిన చోటును ఫోటో తీసి పెద్దది చేసి చూశాను. చెక్కలో నార నిలువుగా, తిన్నగా పోతుంది. ఆ తిన్నటి చెక్క నుంచి వంపు తిరిగిన వస్తువు చెక్కితే, వంపు దగ్గర నార ఒక అంచు నుంచి మొదలై రెండో అంచుకే తెగిపోతుంది. ఆ ముక్కకు పొడవాటి నార ఉండదు, పొట్టి పొట్టి పోగులు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని ఉంటాయి. అక్కడ బరువు పడితే పెన్సిలులా కాదు, బిస్కెట్టులా విరుగుతుంది. కొరమీను ముక్కతో సహా పులుసులో పడింది. మామయ్య చొక్కా పాడైంది. ఆ చొక్కా సంగతి ఇంకా తేలలేదు.

మార్చి 8

మళ్లీ ఉదయగిరి. విరిగిన రెండు ముక్కలనూ భాయ్ ముందు పెట్టాను. ఆయన వాటిని చూడనే లేదు. లేచి వెళ్లి, ఇంటి వెనక పోగు నుంచి ఒక వంకర కొమ్మ తెచ్చి ఒళ్లో పెట్టారు. బొటనవేలంత దూరంలో తిన్నటి కొమ్మ కాస్త వంగి మళ్లీ తిన్నగా పోయింది. చెట్టే వంచింది కాబట్టి నార కూడా వంపుతో పాటు వంగి, ఎక్కడా తెగకుండా సాగింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు భాయ్?"

"మీరు కాగితం తెచ్చారు గదా సార్."

ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

వంకర కొమ్మలతో ఒక చిక్కు ఉంది. ప్రతి కొమ్మా ఒక్కో తీరు. ఒకటి 20 డిగ్రీలు, ఒకటి 35. ఇది ఫ్యాక్టరీ వాళ్లకు తలనొప్పి. మాకు మాత్రం ఎంచుకునే వీలు. అయిదు కొమ్మలు ఏరి, కోవూరుకు తీసుకెళ్లి అత్త చేతిలో పెడతానన్నాను. ఏది ఆవిడ మణికట్టుకు కుదిరితే దాన్నే చెక్కాలి. తిన్నటి కొమ్మలకు మాత్రం భాయ్ ఒక మధ్యేమార్గం చెప్పారు: 10 డిగ్రీలు మించకుండా, వంపు ఒక్కచోట కాకుండా పొడవునా పరచడం. అప్పుడు నార ఎక్కడా పూర్తిగా తెగదు. పది గరిటెలు చేయాల్సి వస్తే ఈ పద్ధతి, ఒకటి చేయాలంటే వంకర కొమ్మ.

మార్చి 15

కొమ్మలు పచ్చివి, ఆరాలి. ఆరనిచ్చేలోగా అట్ట, మైనంతో చేసిన ఉత్తుత్తి నమూనాను అత్తకు చూపించాను. కొలతలన్నీ సరిపోయాయి. పట్టుకుంది, తిప్పింది, ముక్క బదులు బంగాళాదుంప బిళ్ల పెడితే ఎత్తింది. తరువాత దాన్ని కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని అంది:

"ఆసుపత్రి సామానులా ఉంది నాయనా. ఇది గోడకు తగిలిస్తే వచ్చినవాళ్లంతా చేతికి ఏమైందని అడుగుతారు."

ఇంతవరకు నా నోటుపుస్తకంలో అందం అనే మాట లేదు. పని చేస్తే చాలనుకున్నాను. ఆవిడకు అది చాలదు. ఆ వంటింటి గోడకు మేకుల వరుస ఉంది. అట్లకాడ, జల్లిగరిటె, పప్పుగుత్తి, కవ్వం. ఆ వరుసలో ఒకటిగా కనబడాలి. తన వాతాన్ని అందరికీ చాటే వస్తువు ఎంత బాగా పనిచేసినా అది బీరువా మీదికి పోతుంది. అక్కడ ఇప్పటికే ఒక మోకాలి పట్టీ, మెడ పట్టీ ఉన్నాయి.

ఇలాంటప్పుడు నాకు చెంబు గుర్తొస్తుంది. 1958లో ఛార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు మన ప్రభుత్వానికి డిజైను విద్య గురించి ఒక నివేదిక ఇచ్చారు. అహ్మదాబాదులో 1961లో జాతీయ డిజైను సంస్థ పుట్టడానికి అదే పునాది. అందులో వాళ్లు చెంబును పొగిడారు. ఎంత నీళ్లు పట్టాలి, చంకనా తల మీదా ఎలా కుదరాలి, వంచితే ధార ఎలా పడాలి, చేతికి ఎలా తగలాలి, ఖరీదెంత, ఇవన్నీ కలిసి తరతరాలుగా అరిగి అరిగి ఆ ఆకారం వచ్చిందని. మెడ సన్నబడింది పట్టుకోవడానికే. అయినా చెంబును చూసి ఇది పట్టు కోసం చేసిన మెడ అని ఎవరూ అనరు. అందంగా ఉంది అంటారు.

నా కాడ ఎందుకు ఆసుపత్రిలా ఉందో అప్పుడు అర్థమైంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. గొట్టం ముక్క. పట్టు దగ్గర లావు కావాలి, నిజమే. కానీ మెడ దగ్గర 14 మిల్లీమీటర్లకు సన్నబడి, అక్కడి నుంచి అరచేతి కిందికి వచ్చేసరికి మెల్లగా పొంగి, 34 అడ్డం, 26 మందానికి చేరి, చివర మళ్లీ కాస్త తగ్గితే? అరటి మొవ్వులా. బొమ్మ గీసి చూపిస్తే అత్త దాని మీద వేలితో రాసి, "ఇక్కడ ఒక గీత ఉండాలి. మా అమ్మ తెడ్డుకు ఉండేది" అంది. మెడ దగ్గర చుట్టూ ఒక సన్నటి గాడి. పనికి దాని అవసరం ఏమీ లేదు. వేశాం. అన్నట్టు మెడ సన్నబడినందుకు నమూనా 21 గ్రాములు తగ్గింది. అందం బరువు తగ్గిస్తుందని నేను పాఠాల్లో చెప్పలేదు.

మార్చి 29

ఉగాది, రంజాను రెండూ అయ్యాక గరిటె చేతికొచ్చింది. 27 డిగ్రీల వంకర కొమ్మ, నర్ది. 88 గ్రాములు. మెడ దగ్గర గాడి భాయ్ కోడలు వేసిందట, నేను అడిగినదానికంటే సన్నగా ఉంది. కాడ మీద ఉప్పుకాగితం పని కూడా ఆమెదే. కళ్లు మూసుకుని వేలితో రాస్తే ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియలేదు.

పూత గురించి రెండు మాటలు. బొమ్మలకు వేసే వార్నిషు వద్దు, వేడి పులుసులో మునిగేది. వంట నూనె రాద్దామంటే పల్లీ నూనె, కొబ్బరి నూనె చెక్కలో ఆరవు. జిడ్డుగా ఉండిపోయి కొన్నాళ్లకు మక్కు వాసన కొడతాయి. అవిసె నూనె గాలి తగిలితే గట్టిపడుతుంది. కానీ రంగుల దుకాణంలో దొరికే 'మరిగించిన' అవిసె నూనె వాడకూడదు, తొందరగా ఆరడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారు. తినే అవిసె నూనెనే పల్చగా రాసి, తుడిచి, వారం ఎండబెట్టి, మీద తేనెమైనం రుద్దాను. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. ఆరే క్రమంలో అది వేడెక్కి దానంతటదే అంటుకోగలదు. తడిపి, పరిచి ఆరేయండి.

ఏప్రిల్ 5

పరీక్ష. పచ్చి మామిడికాయలు వచ్చేశాయి కాబట్టి మామిడికాయ వేసిన పులుసు. ఉదయం ఏడుంపావు. చట్టి స్టవ్వు మీదే ఉంది, మసిగుడ్డ మేకుకే ఉంది.

అత్త గరిటెను అంచు వారగా పులుసులోకి దించింది. చట్టి వంపు వెంట కిందికి జారనిచ్చి, ముక్క కిందికి తోసింది. ముక్క గరిటె మీదికి ఎక్కి కూర్చుంది. అక్కడి నుంచి ఎత్తలేదు. చట్టి గోడ వెంబడే గుండ్రంగా పావు చుట్టు జరిపి, గరిటెను వెనక్కి లాగింది. ముక్క ఉన్నదున్నట్టు పక్కకు మారింది. నేను ఎత్తి తిప్పడం కోసం డిజైను చేశాను. ఆవిడ ఎత్తకుండా జరపడం కనిపెట్టింది. గరిటె బరువంతా చట్టే మోసింది. మణికట్టు మీద పడే బరువు గురించి నేను వేసిన లెక్కలన్నీ అనవసరమయ్యాయి.

తొమ్మిది ముక్కల్లో ఒకటి చితికింది, అదీ తోక ముక్క. మామయ్య పులుసు వెంటనే వేయించుకోబోతే "రేపటికి ఇంకా బాగుంటుంది" అంది అత్త. ఆయన ఆగలేదు.

తరువాత అంట్ల దగ్గర చిన్న గలాటా. గరిటెకు సబ్బు పెట్టి రుద్దగానే పసుపు మరకలు ఎర్రగా మారిపోయాయి. రంగు విరిగింది, చెక్క పాడైందని నేను కంగారుపడ్డాను. అత్త నన్ను చూసి జాలిపడింది. "పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది గదా. సబ్బూ అంతే." నిజమే. పసుపులోని రంగు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. నీళ్లతో కడిగి, కాస్త చింతపండు పిప్పితో రుద్దితే మళ్లీ పసుపుపచ్చకు వచ్చింది. ఎండలో పెడితే ఆ పసుపు కూడా సాయంత్రానికి సగం పోయింది, ఆ రంగుకు వెలుతురు పడదు. ఇక సబ్బు వద్దు, చింతపండు, ఎండ చాలని తీర్మానం.

జపాను ఆచార్యుడు నోరియాకి కానో 1984లో నాణ్యతను విడదీసి చూపించాడు. కొన్ని గుణాలు ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం ఊరుకోరు. కొన్ని ఎవరూ అడగరు, ఉంటే మురిసిపోతారు. గరిటెకు చేప వాసన పట్టకూడదని అత్త ఏ రోజూ అడగలేదు. రబ్బరు పిడికి పట్టినప్పుడు మాత్రం ఫోను చేసింది. మెడ దగ్గర గీత నేను ఊహించనిది. ఈ రోజు ముగ్గురు చుట్టాలకు ఆవిడ చూపించింది ఆ గీతనే. వంపు గురించి, వంకర కొమ్మ గురించి, 27 డిగ్రీల గురించి ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు.

ఏప్రిల్ 12

పక్కింటి ఆవిడ తనకూ ఒకటి కావాలంది. చేతులకు ఏ జబ్బూ లేదు. చట్టి ఊపితే పులుసు స్టవ్వు మీద ఒలుకుతోందట. ఆవిడ వాడేది మట్టి చట్టి కాదు, అల్యూమినియం గిన్నె, అడుగు చదును. 110 వంపు అంచు దానికి ఒక్కచోటే ఆనుతుంది. అయినా పనిచేసింది, అంత బాగా కాదు. రెండో రకం అంచు చేయించాలా, వద్దా? రెండు రకాలైతే భాయ్ రెండు రకాల కొమ్మలు ఏరుకోవాలి, ధర పెరుగుతుంది. ఇప్పటికి ఒక్కటే ఉంచుతున్నాను.

ధర మీద ఫోనులో మాట్లాడాం. వంకర కొమ్మది రోజుకు రెండుకు మించి అవవు అన్నారు భాయ్. ఆయన చెప్పిన కూలి విని నేను బేరం ఆడలేదు. విరిగిన నమూనాకు ఆయన డబ్బు తీసుకోలేదు, అది నాకు ఇంకా గుచ్చుకుంటోంది. వచ్చే నెల వెళ్లినప్పుడు ఆ లెక్క కూడా తీర్చాలి.

మిగిలిన పని ఒకటి. కాడ చివర తగిలించుకోవడానికి 6 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టించాను. అత్త వంటింటి మేకులు మామయ్య వాళ్ల నాన్న కాలంలో కొట్టినవి, తల 8 మిల్లీమీటర్లు. గరిటె వారం రోజులుగా మేకుకు ఎక్కక, కాడకు కట్టిన పసుపు దారంతో వేలాడుతోంది. తరువాతి గరిటెకు రంధ్రం 10.